పొన్న చెక్క గిటారు

టౌన్స్‌విల్
ఫిబ్రవరి 2001

వదినా,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన ఉత్తరం ఎన్ని చేతులు మారిందో గాని, జనవరి ఆఖరుకి నాకు చేరింది. ఉర్సులా నీ భుజం దాకా ఎదిగిందని చదివి ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. నేను మన బూగన్‌విల్ దీవి వదిలి ఇక్కడికి, ఆస్ట్రేలియాకి చదువుకి వచ్చేనాటికి అది పుట్టనేలేదు. గొడవలు మొదలై, దీవి చుట్టూ దిగ్బంధం పడి, నేను ఇక్కడే చిక్కుకుపోయాను. ఇంత పెద్ద పిల్లకి బాబాయినని నమ్మడం కష్టంగా ఉంది.

ఒక సంగతి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

మా వీధి చివర చర్చివాళ్ళ పాతసామాన్ల దుకాణం ఉంది. నేను బాగుచేసే రేడియోలకి భాగాలు దొరుకుతాయేమోనని శనివారాలు అక్కడికి పోతుంటాను. పోయిన శనివారం ఇస్త్రీ బల్లల వెనక ఒక ఎలక్ట్రిక్ గిటారు కనిపించింది. పడవలకి వేసే నీలం రంగు వేసి ఉంది. తల మీద పేరు లేదు, వెనక నంబరు లేదు. దుకాణం చూసుకునే మార్జరీ అనే పెద్దావిడ, "జపాన్‌ది అయ్యుంటుంది నాయనా. పేరు లేనివన్నీ జపాన్‌వే" అంది.

"ఎవరిచ్చారు?"

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దింపిపోయారు. ఇచ్చినవాళ్ళని పేరడిగితే ఇంకోసారి రారు."

అది జపాన్‌ది కాదు వదినా. ఏ ఫ్యాక్టరీదీ కాదు. మెడ మీద మెట్లు ఇత్తడి వెల్డింగ్ కడ్డీ కోసి దిగ్గొట్టినవి. తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌ని పాత స్పీకర్ అయస్కాంతం మీద చేత్తో రాగితీగ చుట్టి చేశారు. ఆ తీగ కొసని గాలానికి దారం కట్టే ముడి వేసి బిగించారు. అలా కట్టినవాడిని నేను ఒక్కడినే ఎరుగుదును. నా చిన్నప్పుడు మన వంటపాక వెనక కూర్చుని నాకు ఆ ముడి నేర్పింది కాసియన్ అన్నయ్య.

అన్నయ్య వెళ్ళి తిరిగిరాని ఆ రోజు తీసుకువెళ్ళిన గిటారు ఎలా ఉండేది? నీకు గుర్తున్నంత రాయి.

నీ మరిది,
పాస్కల్


అరావా
మార్చి 2001

పాస్కల్,

నీ ఉత్తరం అందింది. మేమంతా బాగున్నాం. కోకో ఈసారి బాగానే కాసింది గాని వానలు వదలకపోవడంతో ఎండబెట్టడం కష్టమవుతోంది. చర్చికి కొత్త కప్పు వేశారు. ఉర్సులా ఆరో తరగతికి వచ్చింది. లెక్కల్లో ముందుంటుంది, మాటల్లో వెనక.

గిటారు గురించి అడిగావు. నీకు నచ్చితే ఉంచుకో, లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇక్కడ ఇప్పుడిప్పుడే మనుషులు ఒకరి వాకిట్లోకి ఒకరు వస్తున్నారు. దాని గురించి ఇంక రాయకు.

టియోనిలా


టౌన్స్‌విల్
ఏప్రిల్ 2001

వదినా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. కోప్పడు.

నువ్వు భార్యవి, నీ దుఃఖం నీది. కాని వాడు నాకు అన్నయ్య. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి బడికి పంపినవాడు. గనిలో కరెంటు పని చేసి వచ్చిన జీతంలో సగం నా పుస్తకాలకే పెట్టాడు. వాడు పోయాడన్న కబురు నాకు రెండేళ్ళు ఆలస్యంగా, ఒక పరాయి మనిషి నోట వినబడింది. ఎలా పోయాడో ఇప్పటికీ తెలియదు. నది వంతెన దగ్గర కాపలా ఉన్న సిలాస్ మనుషులు ఆపారట, తరవాత ఎవరూ చూడలేదట. ఇన్నాళ్ళూ నేను విన్నది అంతే.

ఇప్పుడు వాడి చేతిపని నా బల్ల మీద ఉంది. ఇది అన్నయ్య గిటారే. నాకు అనుమానం లేదు. దీంతోపాటు ఫోటో పంపుతున్నాను. చూసి అవునో కాదో ఒక్క మాట రాయి, చాలు.

పాస్కల్


అరావా
మే 2001

పాస్కల్,

నీ ఫోటో నా చేతికి రాలేదు. ఉత్తరం తెచ్చిన కుర్రవాళ్ళు దాన్ని మా అన్నయ్య ఫిడేలిస్‌కి ఇచ్చారు. ఆయన విప్పి చదివాడు. తరవాత జరిగింది నువ్వు తెలుసుకోవాలి. నేను ఎందుకు రాయవద్దన్నానో అప్పుడు అర్థమవుతుంది.

ముందు మీ అన్నయ్య వెళ్ళిన రోజు సంగతి చెప్తాను. తొంభైమూడు ఏప్రిల్. ఉర్సులాకి నాలుగేళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు, ఒళ్ళు కాలిపోతోంది. దిగ్బంధంలో మాత్ర దొరకదు. జలసంధి దాటి సాలమన్ దీవుల వైపు పోతే మందు దొరుకుతుందని, మార్చుకోడానికి తన గిటారు వీపుకి కట్టుకుని బయలుదేరాడు. వంతెన దగ్గర సిలాస్ కాపలా ఉండేవాడు. అటు పోయేవాళ్ళని, ఇటు వచ్చేవాళ్ళని వేగులని అనుమానించే రోజులవి. సిలాస్ ఆయన్ని ఆపడం నీళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు చూశారు. అంతే. ఉర్సులా ఆకు కషాయాలతోనే బతికింది. ఆయన రాలేదు.

సిలాస్ ఎప్పుడూ ఒకటే మాట: "నేను అతన్ని దాటనిచ్చాను." ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన ఇంటివాళ్ళు మా వైపు బజారుకి రారు. సిలాస్ భార్య అగాథా నాతో ఒకే బల్ల మీద చదువుకుంది. దారిలో నేను ఎదురైతే పొదల్లోకి తప్పుకుంటుంది.

ఈ ఏడు అందరికీ కలిపి సమాధాన పూజ పెట్టాలని ఫాదర్ చూస్తున్నారు. బాణాలు విరిచి, రాయి పాతి, పగలు వదులుకునే పూజ. అన్నయ్య అడ్డుపడకుండా నేను నెలల తరబడి బతిమాలి ఒప్పించాను. అప్పుడు నీ ఫోటో వచ్చింది.

ఆయన దాన్ని తీసుకుని నేరుగా నది అవతల సిలాస్ తోటలోకి పోయాడు. నేను వెనకే పరిగెత్తాను.

"ఇది ఎవరిదో చెప్పు" అన్నాడు అన్నయ్య.

సిలాస్ ఫోటోని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయనకి చూపు తగ్గింది. "నాకు తెలీదు."

"మా బావది. నువ్వు చంపి అమ్ముకున్నావు. అది సముద్రం దాటి వాళ్ళ తమ్ముడి చేతికే పోయింది. దేవుడున్నాడు."

"ఫిడేలిస్, నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను చెప్తూనే ఉన్నాను. అతన్ని దాటనిచ్చాను. దీవి కొస దగ్గర గస్తీ పడవ ఉంది, అటు పోకు అని కూడా చెప్పాను."

"మరి గాల్లో కలిసిపోయాడా? పూజలోగా ఎముకలు ఎక్కడ పాతావో చెప్పు. చెప్పకపోతే పూజ నీ శవం మీద జరుగుతుంది."

అన్నయ్య ఉత్తినే అనే మనిషి కాదు. తుపాకులు అప్పగిస్తామని అందరూ అంటున్నారు గాని ఎవరి ఇంటి చూరులో ఏముందో అందరికీ తెలుసు. సిలాస్ కొడుకులు ఇద్దరూ ఇప్పుడు వంతులవారీగా పడుకుంటున్నారు, ఒకరు కాపలా కాస్తుంటే ఒకరు.

ఇది నువ్వు రాసిన ఒక్క వాక్యం వల్ల. "నాకు అనుమానం లేదు" అని రాశావు. అన్నయ్య ఆ మాటనే అందరికీ చదివి వినిపిస్తున్నాడు. నిజంగా అనుమానం లేదా పాస్కల్? మీ అన్నయ్య తీసుకుపోయిన గిటారు సీమపనస చెక్కతో చేసింది. దిండులా తేలికగా ఉండేది. నీ దగ్గర ఉన్నది బరువా, తేలికా? ఫోటోలో బరువు కనపడదు కదా.

టియోనిలా


టౌన్స్‌విల్
జూన్ 2001

వదినా,

నీ ఉత్తరం చదివాను. ఇక్కడ కూర్చుని ఒక వాక్యం రాసేశాను. అక్కడ ఒక ఇంటికి నిద్ర లేకుండా పోయింది. ఈ ఉత్తరాన్ని ఫాదర్ పేర పంపుతున్నాను. ఆయనే నీ చేతికి ఇస్తారు.

గిటారు బరువుగా ఉంది. చాలా బరువు.

ఈసారి ఆశతో కాకుండా, ముక్కూ మొహం తెలియని మనిషి సామాను చూసినట్టు చూశాను. తీగలు విప్పి, మెడ ఊడదీసి, పైరేకు తీసి అన్నీ బల్ల మీద పరిచాను. రంగు పడని చోట చెక్కని కాస్త గీరాను. ఎర్రగా, మెలికలు తిరిగిన నారతో ఉంది. ఇక్కడ పడవలు కట్టే ఒక ముసలాయనకి చూపిస్తే వాసన చూసి, "పొన్న. మీ దీవుల ఒడ్డున పెరిగేదే" అన్నాడు. కాబట్టి పుట్టిందేమో మన సముద్రాల్లోనే. కాని సీమపనస కాదు. అన్నయ్య వీపుకి కట్టుకుని వెళ్ళిన గిటారు ఇది కాదు.

ఇంకొకటి ఉంది, నెమ్మదిగా చదువు. శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే గుండీ కింద గుండ్రటి లోహపు డబ్బా ఒకటి ఉంటుంది. ఈ గిటారులో ఫ్యాక్టరీ అంకెలున్న భాగం అదొక్కటే. తయారుచేసినవాళ్ళు దాని వీపు మీద అంకెలు కొడతారు. చివరి నాలుగు అంకెలు ఏ సంవత్సరం, ఏ వారం అన్నది చెప్తాయి. దీని మీద 9431 అని ఉంది. అంటే తొంభైనాలుగు, ఆగస్టు మొదలు.

అన్నయ్య వంతెన దాటింది తొంభైమూడు ఏప్రిల్.

పాత గిటారులో ఎవరో తరవాత కొత్త డబ్బా వేసి ఉండవచ్చు కదా అని నువ్వు అడుగుతావు. నేనూ అదే అనుకుని, కాదని తేలేదాకా వదల్లేదు. ఆ డబ్బాని చెక్క మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ గీత మీదే గుంట తొలిచారు. గీత ఇంకా కనిపిస్తోంది. డబ్బాని బిగించే బిళ్ళ కింద రంగు చెదరలేదు, ఇంకో పరిమాణం బిళ్ళ ఆనిన మచ్చ లేదు. తీగలకి టంకం ఒక్కసారే పడింది, రెండోసారి కరిగించిన జాడ లేదు. దీన్ని చేసినవాడి చేతిలో మొదటి రోజు నుంచీ ఆ డబ్బా ఉంది. సిలాస్ అన్నయ్యని ఆపిన రోజుకి ఈ గిటారు లోకంలో లేదు.

ఈ మాట ఫిడేలిస్ బావకి చెప్పు. నేను రాసిన వాక్యం తప్పని నేనే రాస్తున్నానని చెప్పు.

దీన్ని చేసింది అన్నయ్యేనని మాత్రం ప్రమాణం చెయ్యలేను. ముడి వాడిదే. కాని ముడి నాకు నేర్పినట్టే ఇంకొకరికీ నేర్పి ఉండవచ్చు. నేర్చుకున్నవాడు ఎవడో, ఎప్పుడో చేసి ఉండవచ్చు. నాకు తెలిసింది ఇంతవరకే.

పాస్కల్


అరావా
జూలై 2001

పాస్కల్,

అన్నయ్యకి చదివి వినిపించాను. "అంకెలు ఎవడైనా కొట్టుకోవచ్చు" అన్నాడు. అయినా ఆ రోజు నుంచి నది దాటలేదు.

ఒకటి అడుగుతాను. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా పెళ్ళికి ముందు ఏడాది ఆయన గనిలో నిచ్చెన మీదనుంచి పడ్డాడు. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు చెప్పవద్దన్నాడు. కుడివైపు ఒక పక్కటెముక విరిగి, గడ్డలా పైకి తేలి అతుక్కుంది. చొక్కా వేసుకుంటే కనపడదు. గిటారు దాని మీద ఆనితే నొప్పి. అందుకని గిటారు వెనక, ఆ గడ్డ ఆనేచోట, గుడ్డు పట్టేంత గుంట తోడుకున్నాడు. ఎవరైనా అడిగితే సిగ్గుపడి, "అక్కడ చెక్క పుచ్చింది" అనేవాడు. ఎవరికీ నేర్పేది కాదు అది. ఇంకొకడికి దాంతో పని లేదు.

నీ గిటారు వెనక్కి తిప్పి చెయ్యి పెట్టి చూడు.

టియోనిలా


టౌన్స్‌విల్
జూలై 2001

వదినా,

ఉంది.

నేను ఎప్పుడో చూశాను దాన్ని. చెక్కలో ముడి ఉంటే తీసేశారనుకున్నాను. నీ ఉత్తరం చదివి గిటారుని నా ఒంటికి ఆనించుకున్నాను. ఆ గుంట అంచు నా పక్కటెముకల్ని నొక్కింది. నా కోసం చేసింది కాదది. లోపల చెక్క నున్నగా, చొక్కా రాసుకుని రాసుకుని మెరుస్తోంది.

అన్నయ్య తొంభైనాలుగు ఆగస్టు తరవాత బతికి ఉన్నాడు. సిలాస్ నిజమే చెప్పాడు.

అక్కడితో ఆగలేకపోయాను. మార్జరీ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పేర్లు అడగం అని చెప్పాను కదూ. అడగం. కాని మనుషుల్ని చూస్తాం" అంది. గిటారుతోపాటు వచ్చిన పెట్టెలో సన్యాసినులు కట్టుకునే మేజోళ్ళు, జపమాలలు ఉన్నాయట. తెచ్చింది ఒక సిస్టర్ మేనకోడలు. వారం తిరక్కుండా ఆవిడ ఆ మేనకోడల్ని పట్టుకుంది.

ఆ సిస్టర్ పేరు డింఫ్నా. బాగా పెద్దావిడ. ఊరికి అవతల వృద్ధాశ్రమంలో ఉంటోంది. సాలమన్ దీవుల్లో చోయిసుల్ దీవి పడమటి కొసన మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిందట. మన ఒడ్డు నుంచి జలసంధి అవతల కనిపించే దీవే అది. నిన్న గిటారు తీసుకుని వెళ్ళాను. ఆవిడకి ఉదయం తిన్నది గుర్తుండదని అక్కడివాళ్ళు ముందే చెప్పారు. గిటారుని చూడగానే రెండు చేతులూ చాచింది.

"మా దీపాల మనిషి చేసింది" అంది.

"ఆయన పేరేమిటి సిస్టర్?"

"అందరం దీపాల మనిషి అనేవాళ్ళం. జనరేటర్ బాగుచేశాడు. పదేళ్ళు మూలపడ్డ రేడియో బాగుచేశాడు. పేరు… ఉండు బాబూ, వస్తుంది." రాలేదు. "పడవలో వచ్చాడు. ఒళ్ళంతా జ్వరం. గిటారు ఒకటి ఇచ్చి మందులు అడిగాడు. ఊరికే ఇస్తామంటే వినలేదు. పాపకి అని చెప్పాడు. లేవలేని స్థితిలో ఉండి, ఆ మాత్రల్ని ఇంకో పడవలో పంపాడు. ఆ పడవ చేరిందో లేదో మాకు తెలియలేదు."

"మళ్ళీ వెళ్ళడానికి చూడలేదా?"

"చూశాడు. గస్తీ పడవ లైటు పడి ఒకసారి వెనక్కి తిరిగాడు. ఇంకోసారి ఇంజన్ పోయి రెండు రోజులు కొట్టుకుపోయాడు. ఆ తరవాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాత్రిళ్ళు దగ్గు. క్షయ."

"ఎప్పుడు పోయాడు?"

"ఈస్టర్ తరవాత. తొంభైఆరు. నేనే కళ్ళు మూశాను." ఆవిడ గిటారు తిప్పి, ఆ గుంటలో వేళ్ళు పెట్టుకుంది. "ఇక్కడ నొప్పి ఉండేది అతనికి" అంది. నేను ఏమీ అడగకుండానే అంది వదినా.

ఆసుపత్రి వెనక, సముద్రం కనపడే గట్టు మీద పాతిపెట్టారు. ఊరివాళ్ళు గడ్డి కోస్తుంటారట. చర్చిలో పాటలకి కొత్త వాయిద్యం వచ్చాక గిటారుని ఆవిడ తెచ్చుకుంది.

ఇంతే. తొంభైనాలుగు ఆఖర్లో దీన్ని ఎందుకు చేశాడో కూడా చెప్పింది. చర్చి కోసం అంది.

జాగ్రత్త. ఉర్సులాకి ఎలా చెప్పాలో నీకే తెలుస్తుంది.

పాస్కల్


అరావా
ఆగస్టు 2001

పాస్కల్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కోకో తోటలోకి పోయి అక్కడే ఉండిపోయాను. ఉర్సులా వెతుక్కుంటూ వచ్చింది. దానికి చదివి వినిపించాను. అది ఏడవలేదు. "మాత్రలు నా కోసమే కదా" అంది. అంతే అడిగింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ నది దగ్గరికి అందరినీ రమ్మన్నారు. సిలాస్, అగాథా, వాళ్ళ కొడుకులు అవతల ఒడ్డున నిలబడ్డారు. మేం ఇవతల. నది నడుము లోతు కూడా లేదు. నేను వంతెన మధ్యకి పోయి జూన్‌ది, జూలైది నీ ఉత్తరాలు రెండూ మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. గుంట సంగతి దగ్గర కాగితం దించేశాను. ఉర్సులా నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది చదివింది.

చదవడం అయిపోయింది. అప్పుడు అగాథా అంది, సిలాస్‌తో కాదు, నాతో కాదు, నీళ్ళ వైపు చూస్తూ: "అయితే నేను రేపు బజారుకి పోవచ్చా?"

నాకు అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

అన్నయ్య అక్కడినుంచి వెళ్ళిపోయాడు. మూడో రోజున మన ఆచారం ప్రకారం తప్పు చెల్లింపుగా రెండు పందుల్ని, శంఖు పూసల దండల్ని తీసుకుని సిలాస్ వాకిట్లోకి పోయాడు. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు. సిలాస్ కొడుకు చెప్పాడు. "నిన్ను చంపడానికి ఈ ఎనిమిదేళ్ళలో మూడుసార్లు రాత్రిపూట వచ్చాను. మూడుసార్లూ నీ ఇంట్లో చిన్నపిల్లలు మేలుకుని ఉన్నారు" అన్నాడట. సిలాస్, "నాకు తెలుసు. నేనే మేలుకొలిపేవాణ్ణి" అన్నాడట.

మేం చోయిసుల్ వెళ్తున్నాం. వాయవ్యపు గాలులు మొదలయ్యేలోగా ఎముకల్ని ఇంటికి తేవాలి. ఆ నీళ్ళు బాగా తెలిసినవాడు సిలాస్. పడవ తనే నడుపుతానన్నాడు.

ఇంకొక్కటి. నీ ఉత్తరంలో చివర్న నీ రాత మారింది. "ఇంతే" అని రాసి మళ్ళీ రెండు వాక్యాలు రాశావు. ఏదో వదిలేశావు. నేను నీకు వదిన్ని, పసిపిల్లని కాదు. ఎనిమిదేళ్ళు తెలియకుండా బతికాను. ఇంక అలా బతకలేను. ఆ సిస్టర్ చెప్పింది మొత్తం రాయి.

టియోనిలా


టౌన్స్‌విల్
సెప్టెంబరు 2001

వదినా,

అవును, వదిలేశాను. రాయకపోతే నీకు నొప్పి తగ్గుతుందనుకున్నాను. నువ్వు అడిగాక ఇంక దాచే హక్కు నాకు లేదు.

తొంభైనాలుగు చివర మన వైపు నుంచి ఒక కుటుంబం చోయిసుల్‌కి పారిపోయి వచ్చింది. అన్నయ్య వాళ్ళని మీ గురించి అడిగాడు. మన ఊరు కాలిపోయిందని, అక్కడ ఎవరూ మిగల్లేదని చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఊరు కాలింది, మీరు కొండ ఎక్కారు. ఆ రెండో సగం వాళ్ళకి తెలియదు.

సిస్టర్ మాటలు ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. "ఆ తరవాత అతను దాటాలని చూడలేదు బాబూ. వారం రోజులు మాట్లాడలేదు. తరవాత వచ్చి, నా భార్యకీ పాపకీ పూజ చదివించండి సిస్టర్ అన్నాడు. పాటకి గిటారు కావాలన్నాడు. ఉన్న గిటారు మందులకి ఇచ్చేశాడు కదా, అది ఎవరి చేతికో పోయింది. ఒడ్డున పడిపోయిన పొన్న మొద్దు కోసుకున్నాడు. మా బిషప్‌గారు పంపిన సామాన్ల పెట్టెలోంచి ఆ తిప్పే గుండీ డబ్బా తీసుకున్నాడు. దగ్గుతూనే చెక్కాడు. పూజ రోజు తనే వాయించాడు. పాప పేరు ఉర్సులా. ఆ పేరు మాత్రం నేను మర్చిపోలేదు, ఫాదర్ చేత గట్టిగా చదివించాడు."

ఈ గిటారు వయసు అడుగుతూ మొదలుపెట్టాను. దాని వయసు అదే వదినా. మీరు పోయారని వాడు నమ్మిన రోజు నుంచి లెక్క.

నాకు డిసెంబరులోగాని సెలవు లేదు. మీరు వెళ్ళే పడవలో నేను ఉండను. ఇది రాయడం సిగ్గుగా ఉంది. వచ్చేటప్పుడు గిటారు తెస్తాను. అది ఉర్సులాది.

పాస్కల్


అరావా
అక్టోబరు 2001

పాస్కల్,

తీసుకువచ్చాం.

నీ ఉత్తరం బయలుదేరే ముందు రోజు అందింది. దాన్ని మడిచి లోపల పెట్టుకుని పడవెక్కాను. నువ్వు రాసి మంచిపని చేశావు. ఆయన మమ్మల్ని వదిలి అక్కడ సుఖంగా ఉండిపోయాడేమోనన్న ఆలోచన ఆగస్టు నుంచి నన్ను తింటోంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నాకు తెలుసు: నేను ఆయన కోసం ఏడ్చిన రోజుల్లో ఆయన నా కోసం ఏడుస్తున్నాడు. ఇద్దరం బతికే ఉన్నాం. మధ్యలో ఆ కాస్త నీళ్ళు.

ఆ ఊరివాళ్ళు ఒడ్డున వరసగా నిలబడి ఉన్నారు. ముందుగా ఒక ముసలావిడ వచ్చి నా మొహం పట్టుకుని చూసి, "నీకు పూజ చేయించాం మేము" అంది. తరవాత ఉర్సులాని చూసి నేలమీద కూర్చుండిపోయింది. ఆ పూజలో పాడినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మమ్మల్ని ముట్టుకుని చూశారు. చామదుంపలు, చేపలు వండిపెట్టారు. పిల్లలు మా దగ్గరికి రావడానికి కొంచెం భయపడ్డారు.

మర్నాడు ఉదయం తవ్వారు. అన్నయ్య, సిలాస్ కూడా తవ్వారు. సిలాస్‌కి సరిగా కనపడదు కదా, చేతులతో మట్టి తడుముతూ నెమ్మదిగా తీశాడు. కుడివైపు పక్కటెముక ఒకటి గడ్డకట్టి ఉంది. సిలాస్ వేళ్ళకి అదే ముందు తగిలింది. ఏమీ అనకుండా నా చేతికి ఇచ్చాడు. నేను కడిగి, మిగతావాటితో పెట్టెలో పెట్టాను.

తిరిగి వస్తున్నప్పుడు సిలాస్ వెనక ఇంజన్ దగ్గర కూర్చున్నాడు, అన్నయ్య ముందు కూర్చుని దారి చెప్తున్నాడు. "ఎడమకి. ఇంకొంచెం. అలల మధ్య పోనీ." సిలాస్ అలాగే తిప్పుతున్నాడు. పెట్టె నా ఒళ్ళో ఉంది. ఉర్సులా నా పక్కన నిద్రపోయింది.

నేను సిలాస్‌ని అడిగాను. "అన్నా, ఇన్నేళ్ళు మేం అంత మాట అన్నాం. మమ్మల్ని తిట్టుకోలేదా?"

"మొదట్లో తిట్టుకున్నాను."

"తరవాత?"

ఆయన పడవని ఇంకొంచెం పక్కకి తిప్పాడు.

"తరవాత నాకే తెలియకుండా పోయింది" అన్నాడు. "ఆ వంతెన మీద ఎంతమందిని ఆపానో. చీకటి, వాన, భయం. కొందరిని దాటనిచ్చాను. కొందరిని దాటనివ్వలేదు. నువ్వు ఎక్కడ పాతావు, ఎక్కడ పాతావు అని మీరు అడిగీ అడిగీ, నేను పడుకుని ఆలోచించేవాణ్ణి. ఆ మనిషి మొహం గుర్తుంది, వీపున గిటారు గుర్తుంది, పో అని నేను అన్నట్టు గుర్తుంది. కాని అన్నానా, అన్నానని అనుకుంటున్నానా? నాలుగేళ్ళ కిందట ఒకసారి పార పట్టుకుని నది గట్టున రెండుచోట్ల తవ్వి చూశాను, అగాథాకి చెప్పకుండా. ఏమీ దొరకలేదు. దొరకనందుకు సంతోషం కూడా కలగలేదు. ఇంకోచోట ఉంటుందేమో అనుకున్నాను."

ముందు కూర్చున్న అన్నయ్య అంతా విన్నాడు. వెనక్కి తిరగలేదు, కాని ఆయన వీపు కదలడం చూశాను. మేం ఒక మనిషిని ఆయన మనసులోంచే బయటకి తోసేశాం. పందులు, పూసలు దానికి సరిపోవు. ఏవి సరిపోతాయో నాకు తెలియదు.

కొస దాటాక గాలి ఎదురు తిరిగింది. కెరటాలు పెద్దవయ్యాయి. సిలాస్ ఇంజన్ తగ్గించి, "తలలు వంచుకోండి, నీళ్ళు కొడతాయి" అన్నాడు.

అందరం వంచుకున్నాం.

నీ వదిన,
టియోనిలా